ముందే చెప్పిన సాక్ష్యం

ప్రభువా, అని మొదలుపెట్టడం ఇది ఐదోసారి. ఆ పైన మాట పెగలడం లేదు. నేను లోపల ఉన్నంతసేపూ నువ్విక్కడే కూర్చుని ప్రార్థన చెయ్యి ఎస్తర్, మధ్యలో ఫోను ముట్టుకోకు, అని మరీ మరీ చెప్పి, మాస్కు సర్దుకుని, నీలం కోటు గుండీలు మెడ దాకా పెట్టుకుని వెళ్లింది మొరేనికె. నేనేమో కళ్లు మూసినట్టే మూసి తెరుస్తున్నాను, తెరవగానే ఆ గాజు గది వైపు చూస్తున్నాను. రెండు గంటలకు ఇంటర్వ్యూ, వరసలో ఆఖరిది, ఇప్పుడు రెండూ అయిదు. ఐర్లండ్‌లో ములింగార్ ఊరి బయట ఈ నర్సింగ్ హోమ్‌లో పదకొండేళ్లుగా నర్సుని, ఈ కారు పార్కులో ఏ గుంటలో నీళ్లు నిలుస్తాయో కూడా నాకు తెలుసు, కాని సెలవు పెట్టుకుని మరీ వచ్చి కారులో ముడుచుకు కూర్చోవడం ఇదే మొదలు. వాన కూడా మన వానలా కురిసి పోదు ఇక్కడ, జల్లెడ పట్టినట్టు రాలుతూనే ఉంటుంది, అద్దం తుడిస్తే మళ్లీ మసక, తుడిస్తే మళ్లీ మసక. ఆ మసకలో గాజు గది, గదిలో బల్ల, బల్లకి ఇవతల మా మొరేనికె. నైజీరియాలో ఇబాదాన్ నుంచి వచ్చి, పద్ధెనిమిదేళ్ల కింద ఇక్కడ కేరర్‌గా చేరి, ముసలివాళ్ల పక్కలు మారుస్తూనే చదువుకుని నర్సై, వార్డు మేనేజరై, ఇవాళ నర్సులందరి మీదా పెద్ద కుర్చీకి, డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్ కుర్చీకి, ఇంటర్వ్యూలో కూర్చున్న మొరేనికె. ఈ హోమ్ పెట్టి నలభై ఏళ్లు. ఆ కుర్చీలో ఇంతవరకు ఒక్క నల్లజాతి మనిషి కూర్చోలేదు. ఆ మాటకొస్తే మన రంగు మనిషి కూడా కూర్చోలేదు. ఇవాళ ఆమె కూర్చోవాలి. కూర్చోలేకపోతే అది నా నోటి వల్లే. ఇంకే మొహం పెట్టుకుని ప్రార్థించను.

నోరా వీపుకు తేకే అని మా అమ్మమ్మ ఊరికే అనేది కాదు. ఆదివారం సాయంత్రం మా తెలుగు సహవాసం కూడిక, జూమ్‌లో. కరోనాకి ముందు అత్లోన్‌లో ఒక స్కూలు హాలు తీసుకుని కూడుకునేవాళ్లం, బిర్యానీ వాసన పోవడానికి కిటికీలు తెరిస్తే చలికి పళ్లు టకటకమని ప్రసంగం వినబడేది కాదు. ఇప్పుడు అందరం డబ్బాల్లో మొహాలం. పాటలయ్యాయి, వాక్యం అయింది, సాక్ష్యాలు ఎవరైనా చెబుతారా అన్నారు. సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు పదిమందిలో చెప్పుకోవడం. అయితే అయిపోయిన మేలే చెప్పాలని లేదు, మాలో ఇంకో పద్ధతి ఉంది, మేలు అందకముందే అందినట్టు కృతజ్ఞత చెల్లించేయడం. అలా నలుగురిలో చెల్లించేస్తే ఆయన మరి కాదనలేడని నమ్మకం. వీసా రాకముందే వీసాకి, పరీక్ష రాయకముందే పాసైనందుకు. నేను మైకు తెరిచి, నా తోటి సిస్టర్ మొరేనికెను ప్రభువు మా హోమ్‌కి డైరెక్టర్‌గా నిలబెట్టాడు, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి నల్లజాతి స్త్రీ ఆమె, దేవునికే మహిమ, అనేశాను. ఇరవై రెండు డబ్బాల్లోంచి ఆమెన్ అన్నారు. కళ్లనీళ్లు కూడా తిరిగాయి నాకు, ఆవగింజంత అబద్ధం నా మనసులో లేదు. పక్కన సోఫాలో మా ప్రిస్కిల్లా తలెత్తి, మామ్, యు కాన్ట్ జస్ట్ సే దట్, అది ఇంకా అవ్వలేదు కదా అంది. పన్నెండేళ్లది, ఇక్కడే పుట్టి పెరిగింది, దీనికి విశ్వాసం సంగతేం తెలుసులే అనుకున్నాను. వంటింట్లోంచి మా ఆయన జోజి, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం, అన్నాడు. వాళ్లిద్దరికీ బుద్ధి ఉంది. ఇంట్లో లేనిది నాకొక్కదానికే.

పెదవి దాటితే పృథివి దాటుతుంది. లిమరిక్‌లో ఉండే విక్టర్, మా సహవాసానికి సెక్రటరీ, మంచివాడే, మంచివాడు కావడమే వచ్చిన చిక్కు, కూడిక ముగిసి పది నిమిషాలు కాకముందే ఆ సాక్ష్యాన్ని ఇంగ్లిషులోకి దించి, పావురం బొమ్మ పెట్టి వాట్సాప్‌లో వదిలాడు. అక్కణ్నుంచి కేరళ నర్సుల గ్రూపుకి, అక్కణ్నుంచి డబ్లిన్‌లో నైజీరియా వాళ్ల చర్చికి. సోమవారం ఉదయం మొరేనికె చెల్లెలి వరసామె ఫోను చేసి అభినందనలు అంటూ ఏడ్చిందట. ఇంకా ఇంటర్వ్యూనే కాలేదే అంటే, దాచుకోకు అక్కా, అందట. మంగళవారం పూలు వచ్చాయి. మంగళవారం సాయంత్రానికి, సోమవారమే ఇంటర్వ్యూ ఇచ్చి వెళ్లిన డబ్లిన్‌లోని ఇంకో అభ్యర్థికి ఈ కబురు చేరింది, ఆమె ఊరుకుంటుందా, ముందే ఇచ్చేసిన ఉద్యోగానికి నన్నెందుకు పిలిచారు అని ఫిర్యాదు రాసింది. రాయదూ మరి, నేనైనా రాస్తాను. ఇవాళ పొద్దున మా యజమానురాలు మిసెస్ కీనన్ స్టాఫ్ అందరికీ మెసేజి పెట్టింది. లోపలి మాట ఎవరో బయట పెట్టారని తేలితే ఈ ఇంటర్వ్యూలు రద్దు చేసి, మళ్లీ ప్రకటన ఇచ్చి, బయటివాళ్లనే తీసుకుంటాం అని. వస్తూ వస్తూ ఆ మెసేజి నాకు చూపించింది మొరేనికె. ఎవరో తెలివితక్కువది చేసిన పని, అంది. అవును, అన్నాను నేను. అవును అన్నాను! స్టీరింగ్ పట్టుకుని, రోడ్డు మీదే కళ్లు పెట్టి, తెలివితక్కువదే మరి అని వంత కూడా పాడాను.

ప్రభువా, ఆరోసారి. ఆమె చేతులు చూడు ప్రభువా, అద్దంలోంచి కనిపిస్తున్నాయి, ఎంత బాగా ఆడుతున్నాయో. మొరేనికె చేతులు లేకుండా మాట్లాడలేదు. రక్తపోటు ఎంతో చెప్పడానికి కూడా గాల్లో గీసి చూపిస్తుంది. ఇప్పుడు రెండు చేతులూ పైకి వెళ్లాయి, విడిపోయాయి, మళ్లీ బల్ల మీద వాలాయి, అది కచ్చితంగా ఈ ఏడాది ఏప్రిల్ గురించి, ఈ ఏడాది కాదు, పోయిన ఏడాది, రెండువేల ఇరవై, రెండేళ్లూ కలిసి ఒకే ముద్దయిపోయాయి. ఆ ఏప్రిల్‌ని నేను ఎక్కువ తలుచుకోను. పదకొండు మంది పోయారు మాకు మూడు వారాల్లో. ఇంట్లో కొడుక్కి ఉబ్బసం, తీసుకెళ్లి అంటిస్తానేమోనని మొరేనికె ఇరవై మూడు రోజులు ఇంటికే వెళ్లలేదు, దుప్పట్ల గదిలో నేల మీద పరుపేసుకుంది. లోపలికి రానివ్వని వాళ్ల పిల్లల మొహాలు ట్యాబ్లెట్ తెర మీద చూపిస్తూ గంటలకు గంటలు ఆ పెద్దవాళ్ల మంచాల పక్కన నిలబడేది, చెయ్యి పడిపోతుంటే రెండో చేత్తో పట్టుకునేది. మిగిలినవాళ్లకి బతకాలన్న ఆశ ఉండాలని రోజూ పొద్దున తన భాషలో ఎకారో, ఎకారో అని పలకరిస్తూ తిరిగేది. శుభోదయం అని అర్థమట. ఇప్పుడు మా హోమ్‌లో తొంభై ఏళ్ల ఐరిష్ తాతలు, పొలానికి తప్ప ఊరు దాటనివాళ్లు, పొద్దున్నే ఎకారో అంటారు. నాకూ అంటారు. నాది బాపట్ల పక్క అని ఎన్నిసార్లు చెప్పినా సరే సరే అన్నట్టు గ్రాండ్, గ్రాండ్ అని మళ్లీ ఎకారోయే. నేనూ ఎకారో అనేస్తున్నాను, పోయేదేముంది.

అక్టోబర్ ఇక్కడ బ్లాక్ హిస్టరీ మంత్, నల్లజాతివాళ్లు సాధించినవి తలుచుకునే నెల. మా టీ గదిలో ఫ్రిజ్ తలుపు మీద రోజుకో కార్డు అంటిస్తుంది మొరేనికె, నీలం పెన్నుతో తన గుండ్రటి రాతలో. ఒకటో తారీఖున మేరీ ఎలైజా మహోనీ, అమెరికాలో శిక్షణ పూర్తి చేసిన మొదటి నల్లజాతి నర్సు, 1879. ఆమెతో పాటు చేరింది నలభై రెండు మంది, చివరిదాకా నిలిచింది నలుగురు. మా వంటాయన ఇంటిపేరు కూడా మహోనీయే, అయితే మా చుట్టమే అయ్యుంటుందని ఆ రోజంతా నర్సులందరికీ ఇంకో బిస్కెట్టు ఎక్కువ పెట్టాడు. ఇంకో రోజు బెస్సీ కోల్మన్, విమానం నడపడం నేర్పమంటే సొంత దేశంలో ఎవరూ నేర్పకపోతే, ఫ్రెంచి నేర్చుకుని, ఫ్రాన్సు వెళ్లి, 1921లో లైసెన్సు పట్టుకొచ్చింది. సరిగ్గా నూరేళ్లు. ఈ దేశం రావడానికి ఇంగ్లిషు పరీక్ష నాలుగుసార్లు రాసినదాన్ని, ఆ కార్డు ముందు నా టీ చల్లారిపోయింది. విల్మా రుడాల్ఫ్, చిన్నప్పుడు పోలియో వచ్చి కాలికి ఇనుప పట్టీలు, 1960లో ఒలింపిక్స్ పరుగులో మూడు బంగారు పతకాలు. ముసలివాళ్లకి మూడో డోసు టీకాలు వేసిన రోజున ఒనేసిము కార్డు. ఆ పేరు మాకు బైబిల్లో తెలిసిందే, కాని ఈయన వేరు, బోస్టన్‌లో బానిస. మశూచి రాకుండా మా దేశంలో చేతికి గాటు పెట్టి మందెక్కిస్తారు, నాకూ ఎక్కించారు అని యజమానికి చెప్పాడు. 1721లో ఊళ్లో మశూచి లేచినప్పుడు ఆ మాట పట్టుకునే ఒక డాక్టరు వందలమందికి ఎక్కించాడు. బానిస చెప్పిన మాటకి అంతమంది చెయ్యి చాపారు చూశారా అని ఆ రోజు ప్రతి మంచం దగ్గరా కథలా చెప్పింది మొరేనికె, చెప్పేలోపే సూది గుచ్చడం అయిపోయేది. ఇంకో కార్డు రొటిమి అడెబారి, ఆశ్రయం కోరి ఈ దేశానికి వచ్చి, ఏడేళ్లలో, 2007లో, పోర్ట్‌లీష్ పట్టణానికి మేయరు, ఐర్లండ్‌లోనే మొదటి నల్లజాతి మేయరు. పోర్ట్‌లీష్ ఎంత దూరం, ఇలా కారెక్కితే గంట.

అన్నీ మొదటి, మొదటి, మొదటి అని ఉంటాయేంటి అన్నాను ఒకసారి. మొదటి అన్నది పొగడ్త కాదు ఎస్తర్, అంతవరకు తలుపు మూసి ఉందని చెప్పడం, అంది. అంటూనే నవ్వింది, అంటూనే ఇంకో కార్డు అంటించింది. ఆ మాట నాలో ఎక్కడో పాత చోట తగిలింది. మా అమ్మ మా పల్లెలో మొదటి నర్సు. పల్లె అంటే ఊరు కాదు, ఊరికి బయట మా వాళ్లుండే చోటు. ఊళ్లోంచి నడిచేటప్పుడు మా తాత చెప్పులు చేత్తో పట్టుకునేవాడు. అమ్మ మిషనాసుపత్రిలో చేరి మూడేళ్లు చదివి ఆఖరి పరీక్ష రాసింది. ఫలితాల కార్డు ఇంకా రాలేదు, అమ్మమ్మ ఆగలేదు, పల్లె మొత్తాన్ని పిలిచి కృతజ్ఞత కూడిక పెట్టేసింది. బూందీ, అరటిపళ్లు, పెట్రోమాక్స్ లైటు. నా కూతురు నర్సమ్మ అయింది, స్తోత్రం, అని. పదోరోజు కార్డు వచ్చింది, కాన్పుల పేపరు తప్పింది అమ్మ. ఏడుస్తూ కూర్చుంటే అమ్మమ్మ ఏమందో అమ్మ మాకు వందసార్లు చెప్పింది. ఏందే ఆ ఏడుపు, తిన్న బూందీ కక్కిస్తామా జనం చేత, ఇంక నీకూ దారి లేదు దేవుడికీ దారి లేదు, లెగిసి చదువుకో, అందట. ఆరు నెలలకి పాసైంది. తెల్ల టోపీ పెట్టుకుని, బస్సు దిగి, ఊరి నడివీధిలో చెప్పులు కాళ్లకే ఉంచుకుని నడిచింది. మరుసటేడు కరణంగారి కోడలికి కాన్పు చేసింది కూడా అమ్మే, ఆ తప్పిన పేపరే. ఈ కథ తలుచుకుంటే నాకెప్పుడూ నవ్వే వస్తుంది. ఇవాళ కూడా వచ్చింది, వచ్చి మధ్యలో ఆగిపోయింది. అమ్మకి ఆరు నెలల తర్వాత ఇంకో పరీక్ష ఉంది. మొరేనికెకి లేదు. బయటివాళ్లనే తీసుకుంటాం అని స్పష్టంగా రాశారు. పద్ధెనిమిదేళ్లు, ఇరవై మూడు రోజుల నేల పరుపు, పదకొండు మంది చేతులు, అంతా కలిపి నా ఒక్క ఆమెన్‌తో ఊడ్చుకుపోతుంది.

చెప్పేస్తే పోయేది ఏంటి నీది, ఎస్తేరమ్మా. ఉద్యోగం పోదు, మహా అయితే కేకలేస్తారు. అది కాదు భయం. నా మొహం ఆమె చూస్తుందని భయం. తోటివాళ్లలో నాకు మనసిచ్చి మాట్లాడేది ఆమె ఒక్కతే ఇక్కడ, మా ఇద్దరిదీ ఒకే టీ మగ్గు లాంటి స్నేహం, రోజూ ఒకరిది ఒకరం తాగేసి తిట్టుకుంటాం. ఇంటర్వ్యూ అయ్యాక చెబుదాంలే అనుకున్నాను. అయ్యాక చెబితే ఏం లాభం, ఎద్దు పోయాక కట్టుగొయ్య పాతినట్టు. రెండూ ఇరవై. అద్దం తుడిచాను. చేతులు ఆగిపోయి ఉన్నాయి. మొరేనికె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, బడిలో నిలదీసిన పిల్లలా, కదలడం లేదు. మిసెస్ కీనన్ బల్ల మీద ఒక కాగితం ఇటు తిప్పి చూపిస్తోంది. విక్టర్ పావురం అంత దూరం నుంచి కూడా గుర్తు పట్టాను. ఒక నిమిషం చూశాను, చేతులు లేవలేదు. రెండు నిమిషాలు. ప్రార్థన చేస్తూ ఉండమంది నన్ను, చెయ్యని ప్రార్థన ఇంకెందుకు, తలుపు తీసుకుని వానలోకి దిగాను.

దిగగానే పరిగెత్తి లోపలికి వెళ్లిపోవడానికి ఇది మామూలు కాలమా. గుమ్మం దగ్గర రిసెప్షన్ అమ్మాయి థర్మామీటరు పట్టుకుని నిలబడింది. నేను స్టాఫ్‌నమ్మా అంటే, ఇవాళ సెలవులో ఉన్నావు కాబట్టి విజిటర్‌వి అంది. జ్వరం ఉందా, దగ్గు ఉందా, వాసన తెలుస్తోందా, పద్నాలుగు రోజుల్లో దేశం దాటి వెళ్లావా. దేశం కాదు తల్లీ హద్దు దాటాను అందామనుకుని, లేదు లేదు అని అన్నిటికీ తలూపాను. చేతులు శానిటైజర్‌తో కడిగించింది, నా తడి మాస్కు తీయించి కొత్తది ఇచ్చింది, పేరు రాయించింది, వచ్చిన పని అన్న చోట ఏం రాయాలో తెలియక గీత పెట్టాను. గాజు గది తలుపు తట్టి, రమ్మనకముందే వెళ్లిపోయాను. బల్లకి అవతల మిసెస్ కీనన్, పక్కన సిస్టర్ బెర్నడెట్, ఎనభై ఏళ్ల కన్యాస్త్రీ, ఒకప్పుడు పెద్దాసుపత్రి నడిపిన మనిషి. మూడో ఆయన లాప్‌టాప్‌లో ఉన్నాడు, నియామకాల వ్యవహారాలు చూసే పెద్దమనిషి. మొరేనికె తల తిప్పి నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూడలేదు.

"మేడమ్, ఆ తెలివితక్కువది నేనే" అన్నాను.

మిసెస్ కీనన్ కళ్లద్దాలు పైకి తోసుకుంది. "ఏ తెలివితక్కువది, ఎస్తర్?"

"ఈమెకి ఉద్యోగం వచ్చేసిందని చెప్పింది నేను. ఆదివారం, మా ప్రార్థన కూడికలో."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు మేడమ్. మాలో అది అలవాటు. రాకముందే వచ్చిందని దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటాం. మా అమ్మమ్మ కూడా అలాగే చేసింది, అప్పుడు కూడా చిక్కే వచ్చింది."

అమ్మమ్మ మాట ఎందుకొచ్చిందో నాకే తెలియదు, వచ్చాక ఇంక ఆగలేదు, బూందీ, కాన్పుల పేపరు, అన్నీ చెప్పేశాను. లాప్‌టాప్‌లో పెద్దమనిషి పెదాలు చాలాసేపటి నుంచి కదులుతున్నాయి, మ్యూట్‌లో ఉన్నాడని ఎవరూ ఆయనకి చెప్పడం లేదు. సిస్టర్ బెర్నడెట్ మాస్కు ముందుకీ వెనక్కీ ఊగుతోంది. ఏడుస్తోందేమో అనుకున్నాను, కాదు, నవ్వు. మా అమ్మ కూడా ఆశ వదులుకున్న పనులకి మొక్కే సెయింట్ జూడ్‌కి పేపర్లో కృతజ్ఞతలు ముందే వేయించేది, పని అవ్వకపోతే చచ్చినట్టు అయ్యేదాకా తిరిగేవాళ్లం, అంది ఆవిడ. ఆ తర్వాత కళ్లు తుడుచుకుని మొరేనికె వైపు తిరిగి, నాతో చెప్పింది. "ఆ మాట పుట్టించింది ఎవరో తనకి తెలుసంది ఈవిడ, పది నిమిషాలుగా అడుగుతున్నాం, పేరు మాత్రం చెప్పలేదు. ఆమె నా నర్సు, ఆ కుర్చీ నాకిస్తే ఆమె సంగతి నేను చూసుకుంటాను, ఇవ్వకపోతే రేపు ఆమె పక్కనే పని చేసుకుంటాను, అంది."

ఆమెకి తెలుసు. విక్టర్ ఆ మెసేజిలో ములింగార్ తెలుగు సిస్టర్ సాక్ష్యం అని రాశాడు, ములింగార్‌లో మా హోమ్‌లో తెలుగు సిస్టర్లు ఎంతమంది, నేనొక్కదాన్నే, మిసెస్ కీనన్‌కి మేమంతా ఇండియా నర్సులమే కాని మొరేనికెకి ఆ తేడా తెలుసు. తెలిసే కారులో ఎవరో తెలివితక్కువది అంది, తెలిసే నన్ను ప్రార్థన చెయ్యమంది. అప్పుడు చూశాను ఆమె మొహం. మాస్కు పైన కళ్లు మాత్రమే కదా కనిపిస్తాయి ఈ రోజుల్లో, ఆ కళ్లు కోపంగానే ఉన్నాయి, చాలా కోపంగా ఉన్నాయి, ఆ కోపం చూసి నా ప్రాణం లేచి వచ్చింది, అది పరాయివాళ్ల మీద పడే కోపం కాదు. ఈలోపు పెద్దమనిషి మ్యూట్ తీసుకున్నాడు. లోపలి మాట ఏదీ బయటికి పోలేదు కాబట్టి ఇంటర్వ్యూలు చెల్లుతాయి, ఆ అభ్యర్థికి నేనే రాస్తాను, కాని జరిగింది జరిగినట్టు కాగితం మీద ఉండాలి, అన్నాడు. మిసెస్ కీనన్ సొరుగు లాగి ఒక ఫారం తీసి నా చేతిలో పెట్టింది.

కారిడార్‌లో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని రాశాను. మామూలుగా ఎవరైనా జారి పడితే, మందు మారిపోతే రాసే ఫారం అది. జరిగిన సంఘటన రకం అన్న చోట పడిపోవుట, మందులలో పొరపాటు, పరికరం చెడుట, అన్నీ ఉన్నాయి, ప్రార్థన లేదు. ఇతరములు దగ్గర టిక్కు పెట్టాను. ఎలా జరిగింది అంటే విశ్వాసం వలన అని రాశాను. గాయపడినవారు ఎవరు అంటే చాలాసేపు ఆలోచించి, ఎవరూ లేరు, ఇంకా తెలియదు, అని రాశాను. కారిడార్ చివర ఒక తాత వాకర్ తోసుకుంటూ వెళుతూ ఎకారో అన్నాడు, మధ్యాహ్నం మూడింటికి. ఎకారో తాతా అన్నాను. ఫారం అడుగున రెండు గడులు, ఒకటి నాది, సంతకం పెట్టేశాను. రెండోది డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్ సంతకం. పాతావిడ జూలైలో రిటైరయ్యింది. మూడు నెలలుగా ఆ గడిలో యాక్టింగ్, అంటే ప్రస్తుతానికి, అని ముద్ర కొట్టి మిసెస్ కీనన్ పెడుతోంది. ఎవరికివ్వాలో తెలియక కాగితం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ప్రభువా అనలేదు ఈసారి. ముందే అనడం మానేశాను కనీసం ఈ పూటకి.

మూడూ పది అయింది. గాజు గది తలుపు తెరుచుకుంది. మొరేనికె ఒక్కతే వచ్చింది, కోటు చేతి మీద వేసుకుని. నేను లేచి నిలబడ్డాను. ఆమె నా చేతిలోంచి ఫారం తీసుకుంది. నిలబడే మొత్తం చదివింది, విశ్వాసం వలన అన్న చోట ఆగి మళ్లీ చదివింది. తీసుకున్న చర్య అన్న గీత మీద ఏమీ లేదు, నేను రాయలేదు, అది నా పని కాదు. పెన్ను ఇమ్మన్నట్టు చెయ్యి చాపింది. కాగితాన్ని కిటికీ అద్దానికి ఆనించి, ఆ గీత మీద తన గుండ్రటి రాతలో రాసింది. సిస్టర్ ఎస్తేరమ్మను మందలించడమైనది. ఇకపై ఫలితం వచ్చిన తర్వాతే సాక్ష్యం చెప్పవలెను. రాసి, కిందికి వచ్చి, రెండో గడిలో పేరు మొదలుపెట్టింది. పొట్టి సంతకం కాదు, మొత్తం పేరు, మొరేనికె ఒలుఫున్‌మిలాయో అకింటోలా, ఒక్కో అక్షరం తీరిగ్గా. గడి చాలలేదు. ఆఖరి అక్షరాలు గీత దాటి బయటికి వచ్చేశాయి. నా కళ్లజోడు మాస్కు ఆవిరికి మసకబారిపోయింది, లేకపోతే ఆవిరి కాదు. ఆమె పెన్ను మూసి నాకు ఇవ్వబోయింది.

"తేదీ వెయ్యలేదు, మేడమ్" అన్నాను.